పొలంలో యూరియా... సముద్రంలో నాచు!

రైతు పొలంలో యూరియా వేశాడు. మడవ తీసి నీరు పెట్టాడు. ఇక పంటకు ఢోకా లేదనుకుంటూ ఇంటికెళ్లిపోయాడు.

కొద్దిరోజులు గడిచాయి. ఆ పొలాల మురుగునీరు వెళ్లి కలిసేచోట, నీలంగా ఉండాల్సిన సముద్రం పచ్చబడింది. ఒక ఎకరమో రెండెకరాలో కాదు, కిలోమీటర్ల కొద్దీ!

ఆ రెంటికీ సంబంధం ఉందని రైతుకు తెలియదు. తీరంలో వల వేస్తున్న జాలరికీ తెలియదు. తెలిసిందల్లా 705 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న ఓ ఉపగ్రహానికి. అది పంపిన చిత్రాల్ని ముందేసుకుని, పొలాలకు నీరు పెట్టిన రోజులతో పోల్చి చూసిన ఓ పరిశోధక విద్యార్థికి.

ఆ విద్యార్థి పేరు మైకేల్ బీమన్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అతను చేసిన పరిశోధన 2005 మార్చిలో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఎరువు ఎక్కువైతే నీళ్లు పాడవుతాయన్న మాట అంతకుముందూ ఉంది. కానీ, ఇదిగో ఇక్కడ పొలం తడిసింది, అదిగో అక్కడ సముద్రం పచ్చబడిందని వేలుపెట్టి చూపించడం మాత్రం అరుదు.

ఇది ఒక్క విద్యార్థి కథే కాదు. ఒక లోయలో ఏళ్ల తరబడి మట్టినీ గాలినీ నీటినీ కొలిచిన కొందరు పరిశోధకుల కథ. వాళ్లు చెప్పింది నిజమని తెలిసినా ఎరువు బస్తాల సంఖ్య ఎందుకు తగ్గలేదన్నది అందులోని అసలు మలుపు.

మన గోధుమకు పుట్టిల్లు

ఆ లోయ పేరు యాకీ. మెక్సికో దేశపు వాయవ్య మూలన, సొనోరా రాష్ట్రంలో ఉంది. ఒకవైపు ఎడారి, మరోవైపు కాలిఫోర్నియా సింధుశాఖ. మధ్యలో కాల్వల కింద సుమారు 2,25,000 హెక్టార్ల సాగుభూమి. అంటే ఐదున్నర లక్షల ఎకరాలు. చలికాలం వచ్చిందంటే ఎటు చూసినా గోధుమే.

పేరు కొత్తగా అనిపించినా ఈ లోయకు మన దేశంతో దగ్గరి చుట్టరికమే ఉంది. హరిత విప్లవానికి ఆద్యుడిగా చెప్పుకునే నార్మన్ బోర్లాగ్ 1940లలో ప్రయోగాలు చేసింది ఇక్కడే. తక్కువ ఎత్తులో ఉండి, ఎంత ఎరువు వేసినా పడిపోకుండా నిలబడి, గింజ ఎక్కువగా ఇచ్చే పొట్టి గోధుమ వంగడాల్ని ఆయన ఈ పొలాల్లోనే తీర్చిదిద్దాడు. కరవు భయంతో వణుకుతున్న భారతదేశం 1966లో ఏకంగా 18 వేల టన్నుల మెక్సికన్ గోధుమ విత్తనాన్ని ఓడల్లో తెప్పించుకుంది. అప్పుడు వచ్చిన రకాల్లో ఒకటైన 'సొనోరా 64' పేరులోనే ఆ రాష్ట్రం పేరుంది. 1970లో బోర్లాగ్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

విత్తనం మారడంతో ఎరువు వాడకమూ మారింది. పొట్టి గోధుమకు ఆకలెక్కువ. యాకీ లోయలో 1968 ప్రాంతంలో హెక్టారుకు 80 కిలోల నత్రజని వేసేవారు. 1995 నాటికి అది 250 కిలోలకు చేరింది. మన 45 కిలోల యూరియా బస్తాల్లో చెప్పాలంటే ఎకరానికి దాదాపు ఐదు బస్తాలు.

పైరు లేని పొలంలో ఎరువు

1990లలో ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ లోయ మీద దృష్టి పెట్టారు. మట్టిలో, గాలిలో రసాయనాల రాకపోకల్ని చదివే పమేలా మాట్సన్, ఆర్థికవేత్త రోజమండ్ నేలర్, మెక్సికోలోని అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న పరిశోధన సంస్థకు చెందిన ఐవాన్ ఓర్టిజ్-మొనాస్టెరియో. మట్టి ఒకరిది, డబ్బు లెక్క ఒకరిది, పంట ఒకరిది. ఎరువు సమస్యకు ఈ మూడూ కావాలని వాళ్లు మొదట్లోనే గుర్తించారు.

లోయలో రైతుల పద్ధతి చూసి ఆశ్చర్యపోవడం వాళ్ల వంతయింది. వేసే నత్రజనిలో నాలుగింట మూడొంతులు విత్తనం వేయడానికి దాదాపు నెల ముందే పొలంలో పడుతోంది! ఆ వెంటనే పొలం నిండా నీరు. తినడానికి పైరు లేదు. వడ్డన మాత్రం పూర్తయిపోయింది.

ఇలా వేసిన యూరియా మట్టిలో కుదురుగా కూర్చోదు. తేమ తగలగానే కరిగి అమ్మోనియాగా మారుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొక్కకు నైట్రేట్ అంటే ఇష్టమే. కానీ మట్టి రేణువులు దాన్ని పట్టి ఉంచలేవు. రెండింటిదీ ఒకే రకం విద్యుదావేశం కావడంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుకే నీరు ఎటు పోతే నైట్రేట్ అటు పోతుంది. నీరు నిలిచి మట్టికి గాలి ఆడకపోతే మరో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ని వాయువులుగా మార్చి గాల్లోకి వదిలేస్తాయి. వాటిలో ఒకటి నైట్రస్ ఆక్సైడ్. బరువుకు బరువు తూస్తే భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 270 రెట్లు ఘాటైనది. గాల్లో వందేళ్లకు పైగా ఉంటుంది.

యాకీ పొలాల్లో నీరు పెట్టిన తర్వాత వెలువడిన వాయువుల్ని పరిశోధకులు కొలిచారు. అప్పటిదాకా ప్రపంచంలో నమోదైన అత్యధిక స్థాయుల్లో అవీ చేరాయి.

మరి రైతుకు ఆమాత్రం తెలియదా? తెలియక కాదు. విత్తడానికి ముందు పొలం ఖాళీగా ఉంటుంది, ట్రాక్టరుతో ఎరువు వేయడం సులువు. ఆ తర్వాత పెట్టే నీటితో కలుపు మొలుస్తుంది. దాన్ని దున్నేసి విత్తనం వేస్తే కలుపు బాధ తగ్గుతుంది. పైరు ఎదిగాక వేద్దామంటే అదే సమయంలో వాన పడొచ్చు, ట్రాక్టరు దిగబడొచ్చు. అదను తప్పితే పంట దెబ్బతింటుంది. 'ముందే వేసేస్తే ఓ పనైపోతుంది' అన్నది అతని లెక్క. పంట పోతే నష్టపోయేది తనే కదా!

ఎరువు తగ్గింది... పంట తగ్గలేదు

పరిశోధకులు రకరకాల మోతాదులు, రకరకాల సమయాలు ప్రయత్నించి చూశారు. వాటిలో ఒకటి బాగా కుదిరింది. హెక్టారుకు 250 కిలోలకు బదులు 180 కిలోలే. విత్తడానికి ముందు అసలేమీ వేయరు. మూడోవంతు విత్తేటప్పుడు, మిగిలింది పైరు ఎదిగే దశలో పైపాటుగా.

దిగుబడి తగ్గలేదు. గింజ నాణ్యతా తగ్గలేదు. గాల్లోకి పోయే వాయువులు, నేలలోకి ఇంకిపోయే నైట్రేట్ మాత్రం బాగా తగ్గాయి. రైతుకు హెక్టారుకు 55 నుంచి 76 డాలర్ల దాకా ఆదా. పన్నులు పోను మిగిలే లాభంలో అది 12 నుంచి 17 శాతంతో సమానం. 1998లో 'సైన్స్' పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

రైతుకు లాభం, ప్రకృతికి మేలు. ఇంతకన్నా ఏం కావాలి? కానీ పొలం దాటిన ఎరువు ఎక్కడికి పోతోందన్న ప్రశ్న మిగిలే ఉంది. దాని వెంట పడింది విద్యార్థులు.

మురుగు కాల్వ గట్టు మీద పగలూ రాత్రీ

జాన్ హారిసన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి లోయలోని మురుగు కాల్వల్ని ఎంచుకున్నాడు. చూడ్డానికి వాటిలో ఏముంది? పచ్చటి నీరు, నాచు, వాసన. కానీ పగలు ఓసారి, రాత్రి ఓసారి నీటిని పరీక్షించి చూస్తే అక్కడ పెద్ద నాటకమే నడుస్తోంది. పగలు ఎండకి నాచు ప్రాణవాయువును విడుదల చేస్తుంది. పొద్దు గూకాక నాచుతో సహా అన్ని జీవులూ ఆ ప్రాణవాయువును వాడేసుకుంటాయి. రాత్రివేళ నీటిలో అది అడుగంటిపోతుంది. ఈ ఎగుడుదిగుళ్లను బట్టే నత్రజని రూపాలూ, నీటి నుంచి వెలువడే వాయువులూ మారిపోతుంటాయి. పట్టపగలు మాత్రమే నమూనా తీసుకుని వెళ్లిపోయే వాళ్లకు ఈ సగం కథ ఎప్పటికీ కనిపించదు.

పొలంలో తప్పించుకున్న ఎరువు కాల్వలో కూడా ఊరుకోవడం లేదన్నమాట. అక్కడా మిగిలింది సముద్రంలోకే.

ఆకాశం నుంచి సాక్ష్యం

మైకేల్ బీమన్ అందుకున్నది సరిగ్గా అక్కడే. కాలిఫోర్నియా సింధుశాఖ మామూలు సముద్రం కాదు. తిమింగలాలు, డాల్ఫిన్లు, లెక్కలేనన్ని చేపజాతులకు నిలయం. అక్కడి దీవుల్ని యునెస్కో 2005లోనే ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అడుగునుంచి పోషకాలు పైకి ఉబికి రావడంతో అక్కడ సహజంగానే నాచు ఎక్కువ. కాబట్టి 'ఈ నాచు ఎరువు వల్ల వచ్చింది' అని నిరూపించడం తేలిక కాదు. ప్రకృతి పెంచిందేది, పొలం పెంచిందేది?

బీమన్‌కు దారి చూపింది లోయలోని అలవాటే. ఆ లోయంతటికీ నీరు కాల్వల నుంచే వస్తుంది. పొలాలన్నీ ఇంచుమించు ఒకే రోజుల్లో తడుస్తాయి. అంటే ఎరువు కలిసిన నీరు సముద్రంలోకి ఏడాది పొడవునా సన్నగా కాక, విడతలు విడతలుగా వెళుతుంది. ఏ రోజుల్లో వెళుతుందో తెలుసు కాబట్టి, ఆ తర్వాత సముద్రం ఏమవుతుందో చూస్తే చాలు.

సముద్రపు రంగును కొలిచే 'సీవిఫ్స్' అనే పరికరం అప్పట్లో ఉపగ్రహంలో తిరుగుతుండేది. నీటిలో పత్రహరితం ఎంతుందో రంగును బట్టి చెప్పేది. బీమన్ తన గురువులు కెవిన్ ఆరిగో, పమేలా మాట్సన్‌లతో కలిసి 1998 నుంచి 2002 దాకా వచ్చిన చిత్రాల్ని పరిశీలించాడు. పొలాలకు ఎరువు వేసి నీరు పెట్టిన సందర్భాల్లో 80 శాతం సార్లు, కొద్దిరోజుల్లోనే తీరం దగ్గర నాచు విజృంభించింది. ఒక్కోసారి అది 54 చదరపు కిలోమీటర్లు, ఒక్కోసారి 577 చదరపు కిలోమీటర్లు! మన కొల్లేరు అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. దానికి దాదాపు రెట్టింపు మేర సముద్రం పచ్చబడిందన్నమాట.

నాచు పెరిగితే చేపలకు తిండే కదా అనిపించొచ్చు. కొంతవరకు నిజమే. కానీ అతిగా పెరిగిన నాచు చచ్చి అడుక్కి చేరుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి. చేపలు పారిపోతాయి, పారిపోలేనివి చనిపోతాయి. అమెరికాలో మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట ఏటా వేసవిలో జరిగేది అదే. 2017లో అక్కడ ఇలాంటి 'మృతమండలం' 22 వేల చదరపు కిలోమీటర్లు దాటింది.

బీమన్ బృందం మరో హెచ్చరికా చేసింది. ఉష్ణమండల సముద్రాల్లో కొన్నిచోట్ల సహజంగానే నత్రజని కొరత ఉంటుంది. అలాంటి చోట బయటి నుంచి కాస్త నత్రజని వచ్చిపడినా పెద్ద మార్పే వస్తుంది. 2050 నాటికి ప్రపంచంలో వాడే నత్రజని ఎరువుల్లో 27 నుంచి 59 శాతం, ఇలాంటి సముద్రాలకు ఎగువనున్న వర్ధమాన దేశాల పొలాల్లోనే పడొచ్చని వాళ్ల అంచనా.

పరపతి సంఘం చెప్పిందే వేదం

ఇంత తేలాక యాకీ రైతులు మారిపోయి ఉండాలి. మారలేదు! లాభం పెరుగుతుందన్నా సరే, ఎరువు మోతాదు తగ్గలేదు.

ఎందుకని ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. అక్కడి రైతులకు అప్పు ఇచ్చేది రైతు పరపతి సంఘాలు. విత్తనం, ఎరువు సమకూర్చేదీ అవే. ఎంత ఎరువు వేయాలో సలహా చెప్పేదీ వాటి సిబ్బందే. అప్పు తిరిగి రావాలంటే పంట పండి తీరాలి. కాబట్టి సంఘం ఎప్పుడూ 'ఓ పిడికెడు ఎక్కువే' అంటుంది. శాస్త్రవేత్తలు రైతుతో మాట్లాడారు. రైతు మాత్రం సంఘం మాట విన్నాడు. అప్పిచ్చినవాడి మాట కాదనడం ఎవరికైనా కష్టమే.

రైతు భయంలోనూ అర్థముంది. ఏ ఏడాది మట్టిలో ఎంత నత్రజని మిగిలి ఉందో, వాన ఎప్పుడు పడుతుందో అతనికి ముందే తెలియదు. ఎక్కువ వేస్తే పోయేది కొంత డబ్బు. తక్కువ వేస్తే పోయేది పంట. తెలియనప్పుడు ఎవరైనా ఎక్కువవైపే మొగ్గుతారు. 'తగ్గించు' అని చెప్పడం కాదు, 'నీ పొలానికి ఇంత చాలు' అని చూపించగలగాలి.

దానికో పనిముట్టు దొరికింది. అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చేతిలో పట్టుకుని నడిచే సెన్సర్‌కు రూపమిచ్చారు. అది పైరు మీద కాంతి ప్రసరింపజేసి, తిరిగొచ్చిన కాంతిని బట్టి పైరు ఎంత పచ్చగా, ఎంత దట్టంగా ఉందో చెబుతుంది. పొలంలో ఒక చాలులో మాత్రం నిండుగా ఎరువు వేస్తారు. మిగతా పైరు దాంతో సమానంగా ఉంటే ఇక ఎరువు అక్కర్లేదు. వెనకబడి ఉంటే ఆ మేరకే వేస్తారు. ఓర్టిజ్-మొనాస్టెరియో దీన్ని యాకీ లోయకు తెచ్చాడు. ఈసారి పరిశోధకులు రైతుల దగ్గరికే కాదు, పరపతి సంఘాల సిబ్బంది దగ్గరికీ వెళ్లారు. ఎవరి మాట చెల్లుతుందో వాళ్లనే కలుపుకున్నారు. గెలుపోటములతో సహా ఈ అనుభవాలన్నింటినీ గుదిగుచ్చి 2012లో ఓ పుస్తకంగా తెచ్చారు.

మన గట్టు మీదకొస్తే...

ఎక్కడి మెక్సికో, ఎక్కడి మన ఊరు అనుకోవడానికి లేదు. వరి పొలంలో నిలువు నీటిలో చల్లిన యూరియాలో చాలా భాగం అమ్మోనియాగా ఆవిరైపోతుంది. ఇంకింది భూగర్భ జలాల్లో చేరుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన ప్రమాణం. మించితే ముఖ్యంగా డబ్బాపాలు కలిపి పట్టే పసికందులకు ప్రమాదం. రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. దాన్ని 'బ్లూ బేబీ' జబ్బు అంటారు.

కృష్ణా గోదావరులు కలిసే బంగాళాఖాతానిదీ నాజూకు పరిస్థితే. దాని మధ్య లోతుల్లో ప్రాణవాయువు దాదాపు లేదు. మిగిలిన కాస్తే అక్కడి నీటిలోని నత్రజని భారీగా తరిగిపోకుండా ఇప్పటికి ఆపి ఉంచుతోందని 2016 చివర్లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అందులో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలూ పాలుపంచుకున్నారు. ఆ కాస్తా పోతే ఏమవుతుందన్నదే వాళ్ల ఆందోళన.

మన దగ్గర మరో చిక్కుంది. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువులకు రాయితీ విధానం మారి వాటి ధరలు పెరిగాయి. యూరియా ధర మాత్రం ప్రభుత్వ అదుపులోనే ఉండిపోయింది. చవగ్గా దొరికేదే ఎక్కువ పడుతోంది. ఆకు నల్లగా నిగనిగలాడుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మెత్తటి ఆకును వెతుక్కుంటూ పురుగులూ తెగుళ్లూ వస్తాయి. వాటికి మళ్లీ మందులు, మళ్లీ ఖర్చు.

మార్గాలు లేకపోలేదు. వేపపూత వేస్తే యూరియా నైట్రేట్‌గా మారే వేగం తగ్గుతుంది. దీని మీద ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో 1970ల మొదట్లోనే ప్రయోగాలు జరిగాయి. దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ వేపపూత తప్పనిసరి అయ్యింది మాత్రం 2015లో! ప్రయోగశాల నుంచి పొలానికి నాలుగు దశాబ్దాల ప్రయాణం. వరి ఆకును ఓ ప్లాస్టిక్ పట్టీ మీది పచ్చరంగులతో పోల్చి యూరియా అవసరమో కాదో చెప్పే పద్ధతి కూడా ఉంది. సెన్సర్ చేసే పనినే ఇంచుమించు ఆ పట్టీ చేస్తుంది, అదీ చాలా తక్కువ ఖర్చుతో.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు ఎండనకా వాననకా మడుల్లో దిగి మట్టి తీస్తూనే ఉంటారు. మోతాదులు మార్చి, అదను మార్చి లెక్కలు కడుతూనే ఉంటారు. ఆ లెక్కలు చాలావరకు గ్రంథాలయం అరల్లో అట్టలేసుకుని కూర్చుంటాయి. యాకీ లోయ నేర్పిన పాఠం అదే. లెక్క తేల్చడం సగం పనే. 'ఎన్ని బస్తాలు వేయమంటారు?' అని రైతు ఎవర్ని అడుగుతాడో ఆ మనిషి దాకా... అది ఎరువుల దుకాణం యజమాని కావచ్చు, అప్పిచ్చిన సంఘం కావచ్చు, పక్క పొలం పెద్దాయన కావచ్చు... ఆ లెక్క చేరితేనే మిగతా సగం పూర్తయినట్టు!

బస్తాలో ఎంత... గింజలో ఎంత?

* 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం. అంటే సుమారు 20.7 కిలోలు.
* ప్రపంచవ్యాప్తంగా ధాన్యపు పంటలకు వేసిన నత్రజనిలో గింజకు చేరేది సగటున మూడోవంతేనని 1999లో ఓక్లహోమా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ లెక్కన ఒక బస్తాలో గింజకు దక్కేది 7 కిలోలు.
* మిగతా దాదాపు 14 కిలోల్లో కొంత గడ్డిలో, మట్టిలో ఉంటుంది. తక్కినది గాల్లోకి, నీటిలోకి.
* ఒకేసారి కాకుండా రెండు మూడు దఫాలుగా వేయడం, వరిలో నీరు తీసి బురద పదును మీద వేయడం, మట్టి పరీక్ష చేయించి మోతాదు నిర్ణయించుకోవడం... ఈ మూడింటికీ కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు.